పెట్టె కొలిచాక బహుమతి కొనండి

ప్రశ్న: పండుగకు నాలుగు ఇళ్లకు బహుమతులు పంపాలి. అన్నయ్య పిల్లలకు ఒక పెద్ద ఎలుగుబంటి బొమ్మ, పది కథల పుస్తకాలు అనుకున్నాను. చెల్లెలికి గాజు పూలకూజా. అక్కావాళ్లది వేరే ఊరు. అక్కకు చేతిసంచి, బావగారికి పవర్‌బ్యాంక్. విదేశంలో ఉన్న స్నేహితురాలికి సెంటు సీసా, ఉన్ని శాలువా. పోయిన ఏడాది బహుమతులకు అయిన ఖర్చు కంటే వాటిని పంపడానికి అయిందే ఎక్కువ. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ దెప్పుతున్నారు. ఈసారి అందరికంటే చవకగా పంపేది ఎవరో చెప్పగలరా? పండుగకు ఇంకా తొమ్మిది వారాల గడువుంది. పెట్టెలు ఇంకా కట్టలేదు.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ఒక్క పేరు చెప్పి చేతులు దులుపుకోగలిగితే నాకూ హాయిగానే ఉండేది. కానీ అన్ని పార్సిళ్లకూ చవక అనదగిన సంస్థ ఎక్కడా లేదు. అరకిలో కవరుకు చవకైనవారు ఐదు కిలోల పెట్టెకు ఖరీదవుతారు. బరువైన చిన్న పెట్టెను తక్కువకే తీసుకెళ్లేవారు తేలికైన పెద్ద పెట్టె కనిపిస్తే జేబు ఖాళీ చేయిస్తారు. అందుకే మీ జాబులో నాకు అన్నిటికంటే నచ్చిన మాట చివరిది: "పెట్టెలు ఇంకా కట్టలేదు." ఆదా అంతా అక్కడే ఉంది. కౌంటరు ముందు నిలబడ్డాక మిగిలేది ఆ సంస్థా ఈ సంస్థా అన్న బేరం ఒక్కటే, దాంతో వచ్చేది కొసరు. ఏ వస్తువు, ఎంత పెట్టెలో, ఏ తేదీన అన్నవే అసలు ఖర్చును తేలుస్తాయి.

ముందు ఆ ఎలుగుబంటి సంగతి చూద్దాం. పోయిన ఏడాది మీకు వాత పెట్టింది ఇలాంటి వస్తువే అయి ఉంటుందని నా అనుమానం.

కొరియర్ సంస్థలు పెట్టెను రెండు రకాలుగా తూచుతాయి. ఒకటి త్రాసు మీద తేలే అసలు తూకం. రెండోది వాల్యూమెట్రిక్ తూకం, అంటే విమానంలోనో వ్యానులోనో ఆ పెట్టె ఆక్రమించే చోటును కిలోల్లోకి మార్చిన లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని సంస్థ పెట్టుకున్న అంకెతో భాగిస్తారు. అంతర్జాతీయ ఎక్స్‌ప్రెస్ కొరియర్లలో ఆ అంకె ఎక్కువగా 5000. కొన్ని సేవలకు 6000. ఈ రెండు తూకాల్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి.

ఇప్పుడు మీ బొమ్మకు లెక్క కడదాం. ఒక పెద్ద ఎలుగుబంటి బరువు 1.2 కిలోలు అనుకోండి. అది నలగకుండా కూర్చోవాలంటే 50 × 40 × 35 సెంటీమీటర్ల పెట్టె కావాలి. గుణిస్తే 70,000. ఐదువేలతో భాగిస్తే 14. కిలో పావు కూడా లేని బొమ్మకు మీరు పద్నాలుగు కిలోల చార్జీ కడతారు. అందులో సింహభాగం గాలికి. అదే బొమ్మను వాక్యూమ్ సంచిలో పెట్టి, గాలి లాగేసి, 40 × 30 × 15 పెట్టెలోకి దించితే 18,000, అంటే 3.6 కిలోలు. బొమ్మ అదే, పిల్లలూ వాళ్లే, చార్జీ మాత్రం దాదాపు నాలుగో వంతు తూకానికి దిగివచ్చింది. పీచు నింపిన మెత్తటి బొమ్మలు సంచి విప్పి ఒక రోజు ఉంచితే చాలావరకు మళ్లీ ఉబ్బుతాయి. లోపల పాటలు పాడే డబ్బా, గట్టి చట్రం లాంటివి ఉన్న బొమ్మకు మాత్రం ఈ వైద్యం వద్దు.

కొలత తీసేటప్పుడు మరో మెలిక ఉంది. పెట్టె పక్కలు ఉబ్బి ఉంటే ఉబ్బిన చోటే కొలుస్తారు. కొన్ని సంస్థలు సెంటీమీటరులో భాగాన్ని పై అంకెకు లాగుతాయి. కాబట్టి అట్టపెట్టె మీద అచ్చువేసిన కొలతలను నమ్మకండి. మూత మూసి టేపు వేశాక మీరే కొలవండి. పెట్టెలో పైన నాలుగు వేళ్ల ఖాళీ మిగిలితే, నాలుగు మూలలూ నిలువుగా కోసి, అట్టను కిందికి మడిచి ఎత్తు తగ్గించండి. కత్తెరతో ఐదు నిమిషాల పని. పై లెక్కలో 40 × 30 అడుగున్న పెట్టె ఎత్తు ఐదు సెంటీమీటర్లు తగ్గితే 1.2 కిలోల చార్జీ తగ్గినట్టే. ఏ కూపన్ కోడూ ఇంత ఇవ్వదు.

తపాలా శాఖల పద్ధతి కొంత వేరు. చాలా దేశాల్లో మామూలు తపాలా సేవలు చిన్న పార్సిళ్లకు అసలు తూకాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. బదులుగా కొలతలకు గరిష్ఠ పరిమితి పెడతాయి. అందుకని తేలికగా ఉండి చోటు ఎక్కువ పట్టే వస్తువుకు ముందు పోస్టాఫీసులో అడగండి. కొన్ని తపాలా సంస్థలు ఫ్లాట్ రేట్ పెట్టెలూ ఇస్తాయి. తామిచ్చిన పెట్టెలో పట్టినంత పెట్టుకోండి, నిర్ణీత బరువు దాటనంతవరకు ధర ఒక్కటే. ఇవి పుస్తకాల్లాంటి చిన్న బరువైన సరుకుకు లాభం, ఎలుగుబంటికి నష్టం. కాబట్టి బొమ్మనూ పుస్తకాలనూ ఒకే పెట్టెలో కుక్కాలా, విడివిడిగా పంపాలా అన్నది రెండు లెక్కలూ వేసి చూశాకే తేల్చండి. వాల్యూమెట్రిక్ లెక్క కట్టే కొరియర్‌లో అయితే కలపడమే మేలు, ఎందుకంటే ఎలాగూ పెట్టె చోటుకు డబ్బు కడుతున్నారు, ఆ చోట్లో పుస్తకాలు ఊరికే ప్రయాణం చేస్తాయి. 3.6 కిలోల చార్జీ కట్టే పెట్టెలో 1.2 కిలోల బొమ్మ పోను ఇంకా రెండు కిలోల పైచిలుకు బరువు మీ హక్కు. అసలు తూకం చూసే చోటైతే ఈ సూత్రం పనికిరాదు.

పుస్తకాలను విడిగా పంపేటట్టయితే "పుస్తకాల రేటు ఉందా?" అని తప్పకుండా నోరు తెరిచి అడగండి. అచ్చు కాగితానికి తక్కువ చార్జీ ఇవ్వడం తపాలాలో పాత సంప్రదాయం, చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో మిగిలే ఉంది. అడగనివారికి కౌంటరులో మామూలు పార్సిల్ రేటే వేయవచ్చు. షరతులు ఉంటాయి: లోపల పుస్తకాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు, కొన్నిచోట్ల తనిఖీకి వీలుగా కవరు ఒక వైపు తెరిచి ఉండాలి, సొంత ఉత్తరం పెట్టకూడదు. ఆ పుస్తకాల సందులో ఒక చాక్లెట్ దూర్చితే రాయితీ పోతుంది. విదేశాలకు పుస్తకాలు ఎక్కువగా పంపేవారికి "ఎం బ్యాగ్" అనే సేవ ఉంది. ఒకే చిరునామాకు 30 కిలోల దాకా అచ్చు సరుకును ఒక సంచిగా తీసుకుంటారు. మీ పది పుస్తకాలకు అంత హంగామా అక్కర్లేదు, ఎవరికైనా పనికొస్తుందని చెప్పాను.

ఇక స్లాబుల సంగతి. తపాలా గానీ కొరియర్ గానీ ప్రతి గ్రాముకూ లెక్క కట్టరు, మెట్లు మెట్లుగా కడతారు. ఎక్కువగా అరకిలోకు ఒక మెట్టు, లేదా కిలోకు ఒక మెట్టు. మీ స్నేహితురాలి శాలువా, దానితో పెట్టే ఉత్తరం కలిపి 460 గ్రాములు అనుకుందాం. 90 గ్రాముల అట్టపెట్టెలో పెడితే 550, రెండో మెట్టు ఎక్కేశారు. 30 గ్రాముల పాలిథీన్ కవరులో పెడితే 490, మొదటి మెట్టులోనే ఉన్నారు. శాలువా నలిగేది కాదు, పగిలేది కాదు. దానికి పెట్టె ఎందుకు? నీళ్లు తగలకుండా లోపల ఒక ప్లాస్టిక్ సంచి, పైన గట్టి కవరు చాలు. వంటింటి త్రాసు ఉంటే ఇంట్లోనే తూచండి, టేపుతో సహా. పది గ్రాముల అంచున వెళ్లకండి; మీ త్రాసుకూ వాళ్ల త్రాసుకూ ఆ తేడా మామూలే. మెరుపు కాగితం, శాటిన్ రిబ్బను, గులకరాళ్లలాంటి అలంకారాలన్నీ తూకానికి వచ్చేవే. పైకవరు మీద రిబ్బన్లూ పురికొసలూ అసలే వద్దు, పార్సిళ్లను వేరుచేసే యంత్రాల్లో చిక్కుకుంటాయి.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడాలి. మీ జాబితాలో రెండు వస్తువులను పంపడం చవకా ఖరీదా అన్న మాట తర్వాత, అసలు విమాన తపాలాలో పంపడమే కుదరదు.

సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలు. అది మండే ద్రవం, విమాన తపాలాలో ప్రమాదకర సరుకు కింద లెక్క. అంతర్జాతీయ తపాలాలో దాన్ని తీసుకోరు. గోళ్ల రంగు, స్ప్రే డబ్బాలు, లైటర్లు, టపాసులు అన్నీ అదే వరుసలో ఉన్నాయి. పవర్‌బ్యాంక్‌ది ఇంకో కథ. దానిలో ఉండేది లిథియం బ్యాటరీ. గడియారంలోనో ఫోనులోనో బిగించి ఉన్న చిన్న బ్యాటరీలకు కొన్ని హద్దుల్లో అనుమతి ఉంది గానీ విడి బ్యాటరీలను విమాన తపాలా తీసుకోదు. పవర్‌బ్యాంక్ విడి బ్యాటరీ కిందికే వస్తుంది. దేశం లోపల రోడ్డు మార్గంలో కొందరు తీసుకుంటారు, కానీ చెప్పి పంపాలి. "ఏమీ కాదులే, శాలువా మడతల్లో పెట్టేస్తాను" అని మాత్రం అనుకోవద్దు. ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడుతుంది. సీసాతో పాటు శాలువా కూడా ఆగిపోతుంది. మంచి జరిగితే తిరిగి వస్తుంది, లేకపోతే అదీ లేదు. సరుకు పోవడం అటుంచి, విమానంలో మంటలు లేచే ప్రమాదం ఉంది కాబట్టే ఆ నియమం పెట్టారు.

మరి వాటి బదులు ఏమిటి? బావగారికి, స్నేహితురాలికి వాళ్ల ఊళ్లోనే కొని ఇంటికి చేర్పించండి. స్నేహితురాలు ఉన్న దేశంలో సరుకు అమ్మే ఆన్‌లైన్ దుకాణంలో మీరే ఆర్డరు పెట్టి, ఆమె చిరునామా ఇచ్చి, బహుమతి కాగితం చుట్టమని చెప్పవచ్చు. పంపే ఖర్చు చాలాసార్లు సున్నా, కస్టమ్స్ గొడవ లేదు, సీసా విమానమూ ఎక్కదు. "నా చేత్తో కట్టి పంపినట్టు ఉండదు కదా" అంటారని తెలుసు. నిజమే, ఉండదు. అందుకే శాలువాను, చేత్తో రాసిన ఉత్తరాన్ని మీరే పంపండి. సెంటు సీసాను దుకాణానికి వదిలేయండి. మీ చేతి గుర్తు కావలసింది ఆ రెండింటికే. ఆర్డరు పెట్టేటప్పుడు చూడవలసినవి రెండు: బిల్లులో ధర కనబడకుండా ఉండే వీలుందా, మీ కార్డును ఆ దుకాణం తీసుకుంటుందా. ఆమె ఫోను నంబరు ఇవ్వడం మరవకండి, లేకపోతే తెచ్చినవారు తలుపు కొట్టి వెళ్లిపోతారు.

గాజు కూజాకూ నాది ఇదే సలహా, కానీ ఇది నియమం కాదు, నా అభిప్రాయం. గాజు వస్తువు బరువుకు అయ్యే చార్జీ ఒకటైతే, అది పగలకుండా కాపాడే పెట్టెకు అయ్యేది మరొకటి. సరిగా కట్టాలంటే కూజాకు బబుల్ చుట్టి ఒక చిన్న పెట్టె, దాని చుట్టూ అన్నివైపులా కనీసం ఐదు సెంటీమీటర్ల మెత్త, దాని మీద పెద్ద పెట్టె. అంటే ప్రతి కొలతకూ పది సెంటీమీటర్లు అదనం, పైన అట్టల మందం. 15 × 15 × 30 ఉన్న లోపలి పెట్టె కాస్తా 25 × 25 × 40 అవుతుంది. ఘనపరిమాణంలో అది 6,750 నుంచి 25,000కు పెరగడం, దాదాపు నాలుగింతలు. ఇన్ని జాగ్రత్తలూ పడ్డాక బీమా చేద్దామంటే, చాలా సంస్థల బీమా షరతుల్లో గాజు, పింగాణీ పగిలితే పరిహారం లేదనే గీత ఎక్కడో అడుగున ఉంటుంది. అంత తాపత్రయం ఎందుకు? చెల్లెలి ఊళ్లో దొరికే కూజా అయితే అక్కడే కొనిపించండి. దొరకనిదైతే, ప్రత్యేకంగా చేయించినదైతే, ఈసారికి చెల్లెలికి ఏదైనా బట్ట పంపి, కూజాను ఎవరైనా అటు వెళ్లేవారి చేతికి ఇవ్వడానికి దాచండి.

బట్టల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. పంపే ఖర్చును దృష్టిలో పెట్టుకుని బహుమతి ఎంచుకోవడం పిసినారితనం కాదు. మడత పడేది, పగలనిది, చెడనిది, చదునైనది ఏదైనా తపాలాకు ఇష్టమైన సరుకే. బట్టలు, పలచటి పుస్తకాలు, అచ్చువేయించిన ఫోటోలు, చిన్న నగలు, కుట్టుపని చేసిన దిండు గలీబులు (దిండ్లు కాదు!) అన్నీ కవరులో వెళ్లిపోతాయి. అక్క చేతిసంచి కూడా ఈ కోవలోకి వస్తుంది, లోపల కుక్కిన కాగితాలు తీసేసి చదునుగా మడిచే రకమైతే. గట్టి అడుగున్న సంచి అయితే మళ్లీ అదే ఖాళీ పెట్టె తంటా. అప్పుడు ఆ సంచి కడుపులోనే మిగతా బహుమతులు సర్దండి, వృథా చోటు ఉండదు.

విదేశీ పార్సిల్ దగ్గర మరికాసేపు ఆగుదాం, ఇక్కడే చవకనుకున్నది ఖరీదవుతుంది.

ప్రపంచంలోని తపాలా శాఖలు ఒకరి తపాలా ఒకరు మోసే ఒప్పందం 1874లో బెర్న్ నగరంలో మొదలైంది. దాన్ని నడిపే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ నియమాల వల్లే రెండు కిలోల లోపు వస్తువుకు "స్మాల్ ప్యాకెట్" అనే చవక తరగతి చాలా దేశాల్లో దొరుకుతుంది. మూడు కొలతలూ కలిపి 90 సెంటీమీటర్లు, ఏ ఒక్క పక్కా 60 దాటకూడదు. మీ తపాలావారు ఈ తరగతి తీసుకుంటే మీ శాలువా హాయిగా ఇందులో వెళ్తుంది. రెండు కిలోలు దాటితే పార్సిల్ తరగతి, దాని మొదటి కిలో చార్జీయే బరువుగా ఉంటుంది. అందుకని రెండు కిలోల వంద గ్రాముల దగ్గర ఇరుక్కున్నవారు వంద గ్రాములు తీసేయాలి, లేదా రెండు ప్యాకెట్లు చేసి ధర పోల్చాలి. సాదా స్మాల్ ప్యాకెట్‌కు చాలాచోట్ల ట్రాకింగ్ ఉండదు. ట్రాకింగ్ ఉన్న సేవకు కొంత ఎక్కువ, కానీ నా మాట వింటే ఆ డబ్బు పెట్టండి. ఆదా చేయకూడని చోటు అది.

ప్యాకెట్ మీద కస్టమ్స్ డిక్లరేషన్, అంటే లోపల ఏముందో సుంకంవారికి చెప్పే చీటీ, అంటించాలి. తక్కువ విలువకు సీఎన్ 22 అనే చిన్న చీటీ, ఎక్కువ విలువకూ పార్సిళ్లకూ సీఎన్ 23 అనే పెద్ద ఫారం. 2021 జనవరి నుంచి వస్తువులున్న తపాలాకు ఈ వివరాలు కంప్యూటర్ ద్వారా కూడా ముందుగా అవతలి దేశానికి అందాలి. కాబట్టి కౌంటరులో తడబడకుండా ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో నింపే వీలుంటే నింపుకెళ్లండి. వస్తువు వివరం దగ్గర "బహుమతి" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే సరిపోదు. "ఉన్నితో నేసిన ఆడవారి శాలువా, 1" అని రాయాలి, ఎదురుగా బరువు, ధర. బహుమతి అన్నది వేరే గడిలో టిక్కు పెట్టే సంగతి. మన లిపిలో కాదు, అవతలివారు చదవగల భాషలోనే రాయాలి.

సుంకం విషయంలో చాలా దేశాలకు ఒక పరిమితి ఉంది. ఒక వ్యక్తి మరో వ్యక్తికి పంపే బహుమతి విలువ ఆ గీత దాటకపోతే పన్ను ఉండదు. ఐరోపా సమాఖ్య దేశాల్లో ఇది 45 యూరోలు, బ్రిటన్‌లో 39 పౌండ్లు. ఇవి ఎప్పటికప్పుడు మారే విషయాలు. అమెరికా 2025 ఆగస్టులో తక్కువ విలువ దిగుమతులకున్న పెద్ద మినహాయింపును ఎత్తేసినప్పుడు చాలా దేశాల తపాలా శాఖలు అక్కడికి పార్సిళ్లే కొన్నాళ్లు ఆపేశాయి. అందుకని పంపే వారంలోనే ఆ దేశపు కస్టమ్స్ సైటు చూడండి. గీత దాటితే పన్ను కట్టేది మీరు కాదు, మీ స్నేహితురాలు. పన్నుతో పాటు దాన్ని వసూలు చేసి పెట్టినందుకు అక్కడి తపాలావారో కొరియర్‌వారో తమ రుసుం కూడా వేస్తారు. చిన్న బహుమతుల విషయంలో ఆ రుసుమే పన్ను కంటే ఎక్కువ ఉండవచ్చు. పండుగ పూట ఆమె డబ్బు కట్టి మీ బహుమతి విడిపించుకోవడం మీకూ బాగుండదు. అలాగని ధర తగ్గించి రాయకండి. దొరికితే సరుకు ఆపేస్తారు, పోతే రాసిన ధర మేరకే పరిహారం ఇస్తారు.

ఒకే ఇంట్లో నలుగురికి పంపే పెట్టె అయితే లోపల ఒక్కో పొట్లం మీద ఒక్కొక్కరి పేరు, ఫారంలో ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస ఉండాలి. కొన్ని దేశాలు అప్పుడు మినహాయింపును మనిషికి ఒకటి చొప్పున ఇస్తాయి.

ఇక తేదీ. మీకు తొమ్మిది వారాలున్నాయి, ఇది మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి. పండుగ దగ్గరపడేకొద్దీ పెద్ద కొరియర్ సంస్థలు రద్దీ రోజుల అదనపు చార్జీ వేస్తాయి. అంతకంటే ముఖ్యం, ఆలస్యమైనవారు చవక సేవను ఎంచుకునే వీలే ఉండదు. ఎక్స్‌ప్రెస్ ఒక్కటే మిగులుతుంది. అందులో వేగానికి కట్టేదే ఎక్కువ. తపాలా సంస్థలు పండుగకు ముందు ఫలానా దేశానికి ఫలానా తేదీలోగా వేయండని జాబితా ఇస్తాయి. ఆ తేదీని చివరి గడువుగా చూడకండి, దానికి రెండు వారాల ముందు మీ గడువు పెట్టుకోండి. ఓడ మీద వెళ్లే తపాలా ఉన్నచోట అదే అన్నిటికంటే చవక, కానీ రెండు మూడు నెలలు పట్టడం దానికి మామూలే. తొమ్మిది వారాల్లో పండుగ పార్సిల్‌ను నేనైతే ఓడ ఎక్కించను. వచ్చే ఏడాది పుస్తకాలకు మాత్రం ఆలోచించండి. ముందుగా చేరిన పెట్టెను పిల్లలు విప్పేస్తారన్న బెంగ ఉంటే వదినగారికి ఒక ఫోను చేస్తే సరి, బీరువా మీద పెట్టేస్తారు.

ఇవన్నీ తేలాకే ధరలు పోల్చండి. చేతిలో నాలుగు పెట్టెల కొలతలు, తూకాలు, చిరునామాల పోస్టల్ కోడ్‌లు రాసుకున్న చీటీ ఉండాలి. తపాలా సైటులో ఒకసారి, రెండు కొరియర్ల సైట్లలో ఒకసారి, తర్వాత చాలా కొరియర్ల ధరలు ఒకచోట చూపించి లేబుళ్లు అమ్మే మధ్యవర్తి సైటులో ఒకసారి అవే అంకెలు వేయండి. ఈ మధ్యవర్తులు టోకున కొని చిల్లరగా అమ్ముతారు కాబట్టి అదే కొరియర్ వారి దగ్గర కౌంటరు కంటే తక్కువకు దొరకడం మామూలే. తపాలాలో కూడా చాలా దేశాల్లో ఇంట్లో లేబుల్ అచ్చువేసుకుని వెళ్తే ధర తగ్గుతుంది. కానీ చూపించిన మొదటి ధరకు మురిసిపోవద్దు. ఇంధన చార్జీ, మారుమూల ప్రాంతపు చార్జీ, పన్ను, ఇంటికి వచ్చి తీసుకెళ్లే చార్జీ అన్నీ కలిశాక చివరి తెర మీద కనబడేదే అసలు ధర. మీరు రాసిన కొలత తప్పితే వాళ్లు మళ్లీ తూచి, తేడాతో పాటు దిద్దుబాటు రుసుం కూడా మీ కార్డు మీద వేస్తారు. అందుకే ఇందాక టేపు వేశాక కొలవమన్నాను.

పార్సిల్‌ను ఇంటికి కాకుండా దగ్గరలోని పికప్ కేంద్రానికో లాకర్‌కో చేర్చమంటే చాలాచోట్ల చార్జీ తగ్గుతుంది. అక్కా బావగారూ పగలంతా ఉద్యోగాల్లో ఉండేవారైతే వాళ్లకూ అదే సులువు. కదలలేని పెద్దవాళ్లు ఉన్న ఇంటికి మాత్రం ఆ ఆదా చేయకండి.

కవరు కట్టే ముందు లోపల కూడా ఒక కాగితం మీద రెండు చిరునామాలూ రాసి పెట్టండి. పైన అంటించిన లేబుల్ చినిగిపోతే ఆ పెట్టెకు మిగిలే ఆధారం అదే. సర్దిన వస్తువులకు, మూసిన పెట్టెకు, త్రాసు మీద అంకెకు ఫోనులో ఒక్కో ఫోటో తీసుకోండి. ట్రాకింగ్ ఉన్న అంతర్జాతీయ తపాలా నంబరులో పదమూడు గుర్తులుంటాయి: మొదట రెండు అక్షరాలు, మధ్య తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశపు రెండక్షరాల గుర్తు. అదే నంబరుతో అవతలి దేశపు తపాలా సైటులో కూడా వెతకవచ్చు. మన సైటులో "దేశం దాటింది" అని ఆగిపోయిన పార్సిల్ అక్కడ ఏ ఊళ్లో ఉందో కనబడుతుంది. ఆ నంబరును స్నేహితురాలికీ పంపండి, తపాలావారు వదిలివెళ్లిన చీటీ ఆమె చూడకపోతే గడువు ముగిసి పెట్టె వెనక్కి వస్తుంది, కొన్ని సేవల్లో తిరుగు చార్జీ మీ మీదే పడుతుంది. చేరకపోతే ఫిర్యాదు సాధారణంగా పంపినవారే ఇవ్వాలి. అంతర్జాతీయ రిజిస్టర్ తపాలాకూ పార్సిల్‌కూ, వేసిన మర్నాటి నుంచి ఆరు నెలల్లోగా విచారణ కోరవచ్చు. కొరియర్లలో గడువు ఇంకా తక్కువ, పగిలిన వస్తువుకైతే కొద్ది రోజులే ఇస్తారు. పండుగ అయిపోయిందని రసీదులు పారేయకండి; నాలుగు ఇళ్ల నుంచీ "అందింది" అన్న కబురు వచ్చేదాకా ఒక కవరులో ఉంచండి.